కడిగిన గ్లాసు మీద నమ్మకం: తిరుపతి హోటళ్ళలో స్ట్రాలు, కప్పులు ఎందుకు తగ్గడం లేదు

ప్లాస్టిక్ స్ట్రాలు, కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, టీ కలిపే పుల్లలు. వీటిని తయారు చేయడం, అమ్మడం, వాడడం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. కేంద్రం ఆ నోటిఫికేషన్‌ను 2021 ఆగస్టు 12నే ఇచ్చింది కాబట్టి సర్దుకోవడానికి వ్యాపారులకు పది నెలలకు పైగా టైము దొరికింది. తిరుపతిలో లీలామహల్ కూడలి వైపు నుంచి ఆర్టీసీ బస్టాండు దాకా నడిచి చూస్తే ఆ నిషేధం సగమే పనిచేసినట్టు తెలుస్తుంది. పట్టుకుంటే వేళ్ళు కాలిపోయే పల్చటి ప్లాస్టిక్ టీ కప్పు చాలావరకు పోయింది. ఆ చోట్లో కాగితం కప్పు వచ్చి కూర్చుంది. జ్యూస్ అంగళ్ళలో కాగితం స్ట్రాలు కనిపిస్తున్నాయి, వాటి పక్కనే పాత ప్లాస్టిక్ స్ట్రాలూ కనిపిస్తున్నాయి. సాయంత్రానికి టీ బంకు పక్కనున్న చెత్త డబ్బా మాత్రం ఎప్పటిలాగే నిండి పొర్లుతోంది. పారేసే వస్తువు మారిందే తప్ప పారేసే అలవాటు అలాగే ఉంది.

కాగితం కప్పు అంటే ఉత్త కాగితం అనుకునేవాళ్ళే ఎక్కువ. ఉత్త కాగితమే అయితే వేడి టీ పోసిన కొద్దిసేపటికే మెత్తబడి కారిపోవాలి. కారడం లేదంటే లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉన్నట్టు. వాడేసిన కప్పును నీళ్ళలో నానబెట్టి గోరుతో గీరితే ఆ పొర ఊడి వస్తుంది, చూడొచ్చు. ఎక్కువ కప్పుల్లో అది పాలిథీన్. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో ఈ కప్పుల మీద ఒక అధ్యయనం చేశారు. 85, 90 డిగ్రీల వేడి ఉన్న 100 మిల్లీలీటర్ల నీళ్ళను 15 నిమిషాలు కప్పులో ఉంచితే, సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలోకి వచ్చాయి. పొయ్యి మీద నుంచి దించిన టీ ఇంచుమించు ఆ వేడి మీదే కప్పులో పడుతుంది. ఆ రేణువులు ఒంట్లోకి పోయి ఏం చేస్తాయన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం. కానీ రోజుకు మూడు నాలుగు టీలు తాగే మనిషి వాటిని కోరి మరీ తాగాల్సిన అవసరం ఏముంది?

చెత్తగా మారాక ఈ కప్పు ఇంకా చిక్కు తెచ్చిపెడుతుంది. కాగితానికి ప్లాస్టిక్ అతుక్కుని ఉంటుంది కాబట్టి పాత పేపర్లు కొనేవాళ్ళు దీన్ని తీసుకోరు, ప్లాస్టిక్ కొనేవాళ్ళూ తీసుకోరు. తడి చెత్తలో వేస్తే ఎరువులో పూత ముక్కలు మిగులుతాయి.

తమిళనాడు ఈ సంగతి ముందే పట్టుకుంది. 2019 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ కప్పులతో పాటు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పులు కూడా ఉన్నాయి. కప్పుల తయారీదారులు కోర్టుకు వెళ్ళారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కప్పుల మీద నిషేధం సరైనదేనని తేల్చింది. చిత్తూరు నుంచి గుడిపాల మీదుగా వేలూరు పోయేవాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. బయలుదేరేటప్పుడు ఏ కప్పులో టీ తాగారో, సరిహద్దు దాటగానే ఆ కప్పుకే చట్టంలో చోటు లేదు. అక్కడ కూడా అమలు అంతంతమాత్రంగా ఉన్న చోట్లు ఉండొచ్చు. అయినా ఏది ప్లాస్టిక్, ఏది కాదు అన్న ప్రశ్నకు ఆ చట్టం నిజాయితీగా జవాబు చెప్పింది. మన పక్క ఆ జవాబు ఇంకా రాలేదు.

ఇక స్ట్రా సంగతి. ప్రపంచ సముద్రాల్లో చేరే ప్లాస్టిక్ మొత్తంలో స్ట్రాల బరువు ఒక శాతానికి చాలా దిగువనే ఉంటుందని అంచనాలు చెబుతున్నాయి. కాబట్టి స్ట్రాలు మానేస్తే భూమి బాగుపడిపోతుందని ఎవరైనా అంటే అది అతిశయోక్తే. కానీ బరువు తక్కువ కావడమే దీనితో వచ్చిన తంటా. చెత్త ఏరుకుని బతికేవాళ్ళకు డబ్బు కిలోల లెక్కన వస్తుంది. నీళ్ళ బాటిల్‌కు ధర ఉంది కాబట్టి అది రోడ్డు మీద ఎక్కువసేపు ఉండదు. కిలో కావాలంటే స్ట్రాలు ఎన్ని వేలు ఏరాలి? ఎవరూ ఏరరు. ఊడ్చే చీపురు సందుల్లోంచి జారి కాలువ జాలీలో ఇరుక్కుంటాయి. ఒక స్ట్రా, దాని మీద ఒక కప్పు, ఆ పైన ఒక కవరు, అక్కడ నీళ్ళు ఆగుతాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వరదకు కుండపోత వాన, పూడిపోయిన చెరువులు, ఆక్రమణలు లాంటి పెద్ద కారణాలే ఉన్నాయి. దాన్ని ప్లాస్టిక్ ఖాతాలో వేయడం సరికాదు. కానీ మామూలు వానకే వీధి కాలువ రోడ్డెక్కే చోట పూడిక తీస్తే ముందు బయటపడేది ఈ సరుకే.

స్ట్రాకు చిత్తూరు జిల్లాతో ఇంకో చుట్టరికం ఉంది. ఇక్కడి తోటల్లో కాసే తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోయి, అక్కడి నుంచి కూల్‌డ్రింక్ కంపెనీలకు చేరి, చివరికి చిన్న అట్టపెట్టెలో మామిడి జ్యూస్‌గా మళ్ళీ మన అంగడికే వస్తుంది. ఆ పెట్టె వీపుకు అతికించి ఉండేదే స్ట్రా. 2022లో నిషేధం దగ్గర పడినప్పుడు పాలు, జ్యూసుల కంపెనీలు గడువు పెంచమని గట్టిగా అడిగాయి. కేంద్రం పెంచలేదు. కంపెనీలు కాగితం స్ట్రాలకో, మొక్కజొన్న పిండి లాంటి వాటి నుంచి తీసే పీఎల్ఏ స్ట్రాలకో మారాయి. కోట్ల సంఖ్యలో పెట్టెలు అమ్మే పరిశ్రమ ఆ మాత్రం మార్పు చేయగలిగిందంటే, పెద్ద చేతుల దగ్గర చట్టం పనిచేస్తుందనే అర్థం. చిక్కంతా చిన్న చేతుల దగ్గరే.

చిన్న అంగడిలో స్ట్రా ఎందుకు ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. బత్తాయి జ్యూసో, నన్నారి షర్బతో గాజు గ్లాసులో ఇస్తారు. గ్లాసు తాగాక కడిగి మళ్ళీ వాడేదే. అందులో వేసిన స్ట్రా మాత్రం రెండు నిమిషాల్లో చెత్తలో పడుతుంది. గ్లాసుతోనే తాగొచ్చు కదా అంటే, తాగే మనిషి ఒకసారి గ్లాసు అంచు వైపు, ఒకసారి బల్ల కింద ఉన్న బకెట్ వైపు చూస్తాడు. పొద్దున పట్టిన నీళ్ళు, అందులోనే ముంచి తీసిన యాభై గ్లాసులు, పైన తేలే బత్తాయి తొనలు. ఆ అంచుకు పెదవి ఆనించడం ఇష్టం లేకనే స్ట్రా అడుగుతాడు. టీ బంకులో కాగితం కప్పు అడిగే మనిషి మనసులో ఉన్నదీ అదే. 2020లో కోవిడ్ వచ్చాక ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. అంతకు ముందు గాజు గ్లాసుల్లో టీ ఇచ్చిన బంకులు కూడా చాలావరకు కప్పులకు మారిపోయాయి.

ఎంగిలి పట్టింపు మనకు కొత్తది కాదు. గ్లాసు ఎత్తి, పెదవి తగలకుండా నీళ్ళు నోట్లో పోసుకోవడం తిరుపతి, చిత్తూరు ఇళ్ళల్లో పిల్లలకు చిన్నప్పుడే వచ్చే విద్య. చల్లటి నీళ్ళకు అది సరిపోతుంది. వేడి టీ, చిక్కటి జ్యూస్ ఎత్తి పోసుకోలేం కదా. కాబట్టి స్ట్రా, కప్పు రెండూ ఒకే అనుమానం మీద బతుకుతున్నాయి. గ్లాసు సరిగ్గా కడిగారా, లేదా? ఆ అనుమానం తీరనంత కాలం ఒక ప్లాస్టిక్‌ను ఆపితే ఇంకో రూపంలో వస్తూనే ఉంటుంది. ప్లాస్టిక్ తగ్గించాలని చేసే ప్రచారాల్లో ఈ మాట దాదాపుగా వినపడదు. జనానికి అవగాహన లేదంటారు, బద్ధకం అంటారు. జనం భయం న్యాయమైనదే. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఇందులో ఇంకా లోతైన గాయం ఒకటి ఉంది. తెలుగు, తమిళ పల్లెల్లో టీ అంగళ్ళ దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దళితులకు వేరే గ్లాసు, అది వాళ్ళే కడిగి పెట్టాలి. ఎవరి చేతికి ఇచ్చినా ఒకటే, తాగాక పారేసేదే అయిన కప్పు వచ్చాక ఆ అవమానం కొన్ని చోట్ల కంటికి కనపడకుండా పోయింది. కొన్ని చోట్ల కొందరికి గ్లాసు, కొందరికి కప్పు అన్న కొత్త రూపంలో కొనసాగింది. అందుకే పాత రోజుల్లో అంతా గాజు గ్లాసులే, ఎంత బాగుండేది అని ముచ్చటపడే ముందు ఆగి ఆలోచించాలి. గ్లాసు తిరిగి రావాలంటే అందరికీ ఒకే గ్లాసు, ఒకే చోట కడిగినది, ఒకే చేత్తో ఇచ్చినదిగా రావాలి. అలా కాకపోతే కాగితం కప్పే మేలు.

నీళ్ళ సంగతి చూడకుండా కడగడం గురించి మాట్లాడలేం. తిరుపతికి కల్యాణి డ్యాము, తెలుగుగంగ ఆధారం. ఎండాకాలంలో ట్యాంకర్ల మీద నడిచే వీధులు ఉన్నాయి. బంకు నడిపే మనిషికి కుళాయి కనెక్షన్ ఉండదు, డ్రమ్ముతో నీళ్ళు కొనుక్కుంటాడు. దానికి తోడు డబ్బు లెక్క. కాగితం కప్పు అర్ధ రూపాయి అనుకుందాం. రోజుకు 300 టీలు అమ్మే బంకుకు కప్పుల ఖర్చు 150 రూపాయలు. ఆ డబ్బుకు గ్లాసులు కడగడానికి రోజంతా మనిషి దొరకడు. అంటే బంకు యజమాని కప్పు వాడడం తెలివితక్కువ పని కాదు, బతుకు లెక్క. అతన్ని తిట్టినా, ఫైన్ వేసినా ఆ లెక్క మారదు.

అదే లెక్కను పది బంకులకు కలిపి వేస్తే ఫలితం తిరగబడుతుంది. బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషన్ ఎదురుగా బంకులు పక్కపక్కనే ఉంటాయి. పదింటికీ కలిపి కప్పుల ఖర్చు రోజుకు 1,500 రూపాయలు అవుతుంది. ఆ డబ్బుతో ఇద్దరికి కూలీ ఇచ్చి, నీళ్ళూ కొని, ఒకే చోట గ్లాసులు కడిగించి ట్రేలలో బంకులకు తిప్పవచ్చు. గ్లాసులకు మొదట ఒకసారి పెట్టుబడి కావాలి, తర్వాత పగిలినవో పోయినవో నింపుకుంటే చాలు. దీనికి కావాల్సింది ఒక చిన్న షెడ్డు, ఒక కుళాయి కనెక్షన్, ఒక గీజరు. కార్పొరేషన్ చేయగలిగిన పనే ఇది. ఫైన్లు వసూలు చేసే సిబ్బందిని తిప్పడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని గట్టిగా చెప్పవచ్చు, ఎందుకంటే ఇందులో బంకు యజమానికి నష్టం లేదు.

కడగడం అంటే బకెట్‌లో ముంచడం కాదు. పెద్ద వంటశాలల్లో మూడు తొట్ల పద్ధతి ఉంటుంది. మొదటి దాంట్లో సబ్బు నీళ్ళు, రెండో దాంట్లో మంచినీళ్ళు, మూడో దాంట్లో 77 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్ళు. ఆ వేడి నీళ్ళలో అర నిమిషం ఉంచి తీసి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి. తుడిచే గుడ్డే అసలు మురికి. ఇంకో ముఖ్యమైన విషయం, ఇదంతా తాగేవాళ్ళ కంటికి కనపడాలి. కొన్ని పాత కాఫీ హోటళ్ళలో స్టీలు గ్లాసులు, డబరాలు పొగలు కక్కే వేడి నీళ్ళ గిన్నెలోంచి పట్టకారుతో తీసి, అప్పటికప్పుడు డికాక్షన్ పోస్తారు. అక్కడ కాగితం కప్పు కావాలని ఎవరూ అడగరు. పొగ చూశాక అనుమానం ఎక్కడిది?

కూర్చుని తినే హోటళ్ళకైతే సాకు కూడా లేదు. ప్లేట్లు, గిన్నెలు కడగడానికి మనుషులు, తొట్లు, నీళ్ళు అన్నీ ఉన్నాయి. గ్లాసులు కూడా అక్కడే కడగవచ్చు. అయినా చాలా హోటళ్ళలో ఇడ్లీ స్టీలు ప్లేటులో, కాఫీ కాగితం కప్పులో వస్తోంది. టేబుల్ త్వరగా ఖాళీ చేయించడానికి తప్ప దీనికి వేరే కారణం కనపడదు. హోటల్ లైసెన్సు ఇచ్చేటప్పుడే, లోపల కూర్చుని తినేవాళ్ళకు పారేసే కప్పు ఇవ్వకూడదన్న షరతు పెడితే ఈ ఒక్క చోటే చెత్త బాగా తగ్గుతుంది.

తిరుమల కొండ మీద పరిస్థితి వేరు. టీటీడీ 2021 ఆగస్టులో లడ్డూలకు డీఆర్‌డీఓ రూపొందించిన, మట్టిలో కలిసిపోయే సంచులు తెచ్చింది. 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్‌ను పూర్తిగా ఆపింది. అంగళ్ళలో నీళ్ళు గాజు సీసాల్లో అమ్ముతారు, ఖాళీ సీసా తిరిగిస్తే సీసా డబ్బు వెనక్కిస్తారు. రోజుకు 60, 70 వేల మంది వచ్చిపోయే చోట ఇది చిన్న పని కాదు. శేషాచలం అడవిలో తీపి అంటిన కప్పును, కవరును జింకలు నమిలే ప్రమాదం ఉంది కాబట్టి ఆ కష్టానికి విలువ కూడా ఉంది. కానీ కొండ మీద ఇది సాధ్యపడడానికి ఒక కారణం అలిపిరి. ప్రతి బండీ, ప్రతి సంచీ ఒక గేటు దాటాలి, అక్కడ చెక్ చేస్తారు. కింద ఊరికి గేటు లేదు. కొండ మీద నియమం పాటించిన భక్తుడే కిందికి దిగి, రైలు ఎక్కే లోపు కప్పులో టీ, కవరులో పార్సిల్ తీసుకుంటాడు. కొండ పద్ధతిని ఊరికి దించమనే వాళ్ళు ఈ తేడా గమనించాలి. ఊళ్ళో పని జరగాల్సింది హోటల్ కౌంటరు దగ్గర, కడిగే తొట్టి దగ్గర.

కొండ నుంచి కిందికి తెచ్చుకోదగ్గది డిపాజిట్ పద్ధతి. నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిస్తున్నారు. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్ళలో దిగుతున్నాయని మద్రాసు హైకోర్టు పట్టుబట్టడంతో అది మొదలైంది. బాదం పాలు, లస్సీ లాంటివి గాజు సీసాల్లో ఇచ్చే అంగళ్ళకు ఇది సులువుగా అతుకుతుంది.

ప్రత్యామ్నాయాల పేరుతో వచ్చే అన్నిటినీ నమ్మలేం. పీఎల్ఏ స్ట్రా మట్టిలో కలుస్తుందని రాసి ఉంటుంది. కలవాలంటే 58 డిగ్రీల దాకా వేడి, తేమ ఉన్న ప్రత్యేక కంపోస్టు ప్లాంటు కావాలి. కాలువలో పడితే అది కూడా మామూలు ప్లాస్టిక్‌లాగే చాలాకాలం ఉంటుంది. కాగితం స్ట్రా త్వరగా మెత్తబడుతుంది, సపోటా మిల్క్‌షేక్‌కు అసలు పనికిరాదు. మట్టి కప్పు బాగుంటుంది, పలమనేరు కుమ్మరులకు పనీ దొరుకుతుంది. కానీ ఒక్కసారి తాగి పగలగొట్టే కప్పు కోసం రోజూ ఆవం కాల్చాలంటే కట్టెలు చాలా కావాలి. రైల్వేలో 2004లో మట్టి కప్పులు తెచ్చినా నిలదొక్కుకోలేదు. కడిగి మళ్ళీ వాడే మట్టి గ్లాసుగా అయితే దానికి చోటు ఉంది.

స్ట్రాను పూర్తిగా లేకుండా చేయడం కూడా సరికాదు. పక్షవాతం వచ్చినవాళ్ళు, చేతులు వణికే వృద్ధులు, దవడ ఆపరేషన్ అయినవాళ్ళు స్ట్రా లేకుండా తాగలేరు. తిరుపతికి వచ్చేవాళ్ళలో అలాంటి పెద్దలు చాలామంది. కాగితం స్ట్రాలు కౌంటరు కింద ఒక కట్ట ఉంచి, అడిగినవాళ్ళకు కారణం అడగకుండా ఇవ్వాలి. అడగనివాళ్ళకు వేయకూడదు. ఈ చిన్న తేడాకు బలం ఎక్కువ. 2021 ఆగస్టులో జొమాటో ఇదే పద్ధతికి మారింది. అంతవరకు వద్దంటేనే ఆగే స్పూన్లు, టిష్యూలు అప్పటి నుంచి కావాలంటేనే వస్తున్నాయి. టెంకాయ బోండాం అమ్మే బండి దగ్గర కూడా ఇలాగే చేయవచ్చు. బోండాం ఎత్తి తాగడం రానివాళ్ళు మన పక్క ఎందరుంటారు?

ఇక మిగిలింది పెళ్ళిళ్ళు. తిరుపతిలో ముహూర్తాల రోజున కల్యాణ మండపాల వెనక వైపు చూస్తే, ఏ బంకు దగ్గరా కనపడనంత చెత్త ఒక్క పూటలో పోగవుతుంది. భోజనం అరిటాకులో వడ్డిస్తున్నారు, దాని పక్కన చిన్న నీళ్ళ బాటిల్, పాయసానికి కాగితం కప్పు, ఐస్‌క్రీముకు ఇంకో కప్పు పెడుతున్నారు. సగం తాగి వదిలేసిన బాటిళ్ళు ఆకులతో పాటే సంచుల్లోకి పోతాయి. షామియానాలు, వంట పాత్రలు అద్దెకిచ్చే అంగళ్ళలో స్టీలు గ్లాసులు వందల్లో దొరుకుతాయి, బంతికి బంతికి మధ్య కడిగే మనుషులూ వంటవాళ్ళ బృందంతోనే వస్తారు. మండపం బుక్ చేసే రోజున క్యాటరింగ్ వాళ్ళతో మెనూ మాట్లాడుకునేటప్పుడే, నీళ్ళు జగ్గులతో పోయాలి, పాయసం స్టీలు కప్పుల్లో ఇవ్వాలి అని ఒక మాట రాయించుకుంటే సరిపోతుంది. పెళ్ళికి ముందు రోజు చెబితే ఎవరూ వినరు, అప్పటికే బాటిళ్ళ లోడు దిగిపోయి ఉంటుంది.